రాజపూజ్యం ఎంత?

ఉగాది నాడు పచ్చడి తిన్న తరువాత మనమందరం చెవులు రిక్కించేది పంచాంగ శ్రవణానికి. పండుగ మరుసటి శుక్రవారం దోహాలో ఏదో ఒక హాలు అద్దెకు తీసుకుని, పట్టుచీరలు, పంచెలు కట్టుకుని, ఏసీ చల్లదనంలో కూర్చుని విన్నా సరే, సిద్ధాంతి గారు మన రాశి దగ్గరకు వచ్చేసరికి ఇంజనీరైనా డాక్టరైనా కాస్త ముందుకు వంగుతాడు. ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత? రాజపూజ్యం ఆరు, అవమానం ఒకటి అని వస్తే, నమ్మకం లేదని చెప్పుకునేవాడు కూడా లోలోపల సంతోషిస్తాడు.

శాస్త్రవేత్తల లోకంలోనూ ఇలాంటి పంచాంగం ఒకటి ఉంది. అందులో రాజపూజ్యాన్ని సైటేషన్ల రూపంలో లెక్కిస్తారు. ఒకరు రాసిన పరిశోధన పత్రాన్ని తరువాత వచ్చిన వారు తమ పత్రాలలో ఎన్నిసార్లు పేర్కొన్నారు అన్నదే ఆ లెక్క. ఉద్యోగాలు, ప్రమోషన్లు, గ్రాంట్లు, విశ్వవిద్యాలయాల ర్యాంకులు ఇప్పుడు చాలావరకు దాని చుట్టూనే తిరుగుతున్నాయి. అది శాస్త్రవేత్తల గొడవ, ఉగాది సంచికలో మనకెందుకు అనుకోవచ్చు. కిందటి ఏడాది వరకు నేనూ అలాగే అనుకున్నాను.

ఒక శుక్రవారం సాయంత్రం మిత్రులొకరి ఇంట్లో మిరపకాయ బజ్జీలు తింటూ కబుర్లాడుకుంటున్నాం. ఆయన ఇంజనీరు, కాకినాడ వైపు మనిషి, పదిహేనేళ్ళుగా నాకు తోడబుట్టినవాడితో సమానం. కొడుకు పదకొండో తరగతి. నన్ను బాల్కనీలోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించి అడిగారు. "డాక్టరు గారూ, మావాడికి ఒక రీసెర్చ్ పేపర్ కావాలండీ. న్యూరోసైన్స్ చదువుతానంటున్నాడు. అమెరికా కాలేజీలకు అది లేకపోతే కుదరదంటున్నారు. మీ ఆసుపత్రిలో ఎవరో ఒకరు ఏదో ఒకటి రాస్తూనే ఉంటారు కదా, చివర్లో వీడి పేరు కూడా కలపకూడదూ?" అది కుదరకపోతే ఒక ఏజెన్సీ వారున్నారనీ, డబ్బు కడితే పత్రం వారే తయారు చేసి, పిల్లవాడి పేరుతో ఏదో జర్నల్లో వేయిస్తారనీ కూడా చెప్పారు. వారు అడుగుతున్న మొత్తం ఇక్కడ ఒక నెల ఇంటి అద్దెకు దగ్గరగా ఉంది.

నేను కాదన్నాను. ఆయన నొచ్చుకున్నారు. రెండు వారాలు ఫోన్ చేయలేదు. తరువాత మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఆయన అనుమతితోనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఆ రోజు బాల్కనీలో నేను సరిగా చెప్పలేకపోయిన జవాబు ఇది. ఇలాంటి ఇబ్బంది మన సంఘంలో ఆ ఒక్క ఇంటిదే కాదని నాకు తెలుసు కనుక అందరి ముందూ పెడుతున్నాను.

ముందుగా ఈ లెక్క ఏమిటో చూద్దాం. ఏ పత్రాన్ని ఏ పత్రం పేర్కొంది అన్నదానికి పెద్ద ఎత్తున సూచిక తయారు చేసినవాడు అమెరికాకు చెందిన యూజీన్ గార్ఫీల్డ్. 1964లో ఆయన సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను మొదలుపెట్టింది ఎవరికీ మార్కులు వేయడానికి కాదు. ఒక విషయం మీద పని చేసేవాడు దానికి సంబంధించిన పాత, కొత్త పత్రాలను సులువుగా పట్టుకోవడానికి. ఊళ్ళో ఎవరింటికి ఎవరు చుట్టమో చెప్పే పెద్ద ముత్తయిదువ లాంటిదన్నమాట. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని ఒక్క అంకెలోకి కుదించాడు. దాని పేరు హెచ్-ఇండెక్స్. ఒక శాస్త్రవేత్తకు అయిదు పత్రాలున్నాయి, వాటికి వరుసగా 40, 12, 6, 4, 1 సైటేషన్లు వచ్చాయి అనుకోండి. కనీసం నాలుగేసి సైటేషన్లు వచ్చినవి నాలుగు ఉన్నాయి కనుక ఆయన హెచ్-ఇండెక్స్ 4. జీవితంలో ఒకే ఒక్క పత్రం రాసి, దానికి పదివేల సైటేషన్లు తెచ్చుకున్నవాడి హెచ్-ఇండెక్స్ మాత్రం 1. ఈ లెక్క వల్ల ఎంత చెడు జరగవచ్చో హిర్షే తరువాత, 2020లో, స్వయంగా రాసుకున్నాడు.

లెక్క అసలు వద్దని నేననడం లేదు. వెయ్యిమంది దరఖాస్తు పెట్టిన చోట ఏదో ఒక కొలత కావాలి. సిఫార్సు ఉత్తరాల కన్నా, ఎవరి మేనల్లుడో చూసి ఉద్యోగం ఇవ్వడం కన్నా ఈ అంకె నయం. మన కులాల, ప్రాంతాల పట్టింపులు చూసినవారికి అది తెలియనిది కాదు. అయితే ఆ అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నది తెలియకుండా దాని వెంటపడడమే ప్రమాదం. మా మిత్రుడి కొడుకు న్యూరోసైన్స్ అన్నాడు కనుక ఒక న్యూరోసైన్స్ శాస్త్రవేత్తనే ఉదాహరణగా తీసుకుంటాను.

ఆయన పేరు రాజేశ్ రావు. మద్రాసులో పుట్టారు. 1988 దాకా చదివింది మన హైదరాబాదులోని కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయంలో. అక్కడి నుంచి స్కాలర్‌షిప్ మీద టెక్సాస్‌లోని ఏంజెలో స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అది మన పిల్లల దరఖాస్తుల జాబితాల్లో కనిపించే పేరు కాదు. తరువాత రోచెస్టర్‌లో పిహెచ్.డి., శాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధన, ఆ పైన సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి.

1999 జనవరిలో ఆయన, గురువు డానా బల్లార్డ్ కలిసి నేచర్ న్యూరోసైన్స్ పత్రికలో తొమ్మిది పేజీల పత్రం ఒకటి వేశారు. అప్పటికి రాజేశ్ రావు వయసు 28. అందులో ఉన్న ఆలోచనను ఇంటి భాషలో చెప్పుకుందాం. చీకట్లో మెట్లు దిగుతున్నారు. ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేశారు, నేల తగిలింది. గుండె ఝల్లుమంటుంది. ఎందుకు? మెదడు ముందే ఒక అంచనా వేసుకుని కూర్చుంది, ఆ అంచనా తప్పింది. చూపు కూడా ఇలాగే పని చేస్తుందని వారి వాదన. మెదడులో పై అంచెలు 'ఇప్పుడు ఇది కనబడబోతోంది' అని కింది అంచెలకు కబురు పంపుతాయి. కింది అంచెలు చూసినదంతా పైకి మోయవు. అంచనాకు, వాస్తవానికి తేడా ఎంతో అంతమట్టుకే పైకి పంపుతాయి.

ఇది ఉత్త ఊహ కాదు. దృష్టికి సంబంధించిన కొన్ని నాడీకణాలు చిన్న గీతను చూపిస్తే చురుకుగా స్పందించి, అదే గీతను పొడిగిస్తే నెమ్మదిస్తాయని హ్యూబెల్, వీజెల్ 1960లలోనే గమనించారు. గీత పెరిగితే స్పందన తగ్గడం ఏమిటి అన్నది చిక్కుముడి. రావు, బల్లార్డ్ కంప్యూటర్లో ఒక నమూనా కట్టి, దానికి చెట్టూ చేమా లాంటి ప్రకృతి దృశ్యాలు చూపి నేర్పించారు. ఆ నమూనాలోని కణాలు కూడా అచ్చం అలాగే ప్రవర్తించాయి. పొడవైన గీతను పై అంచె సులువుగా ఊహించగలదు, కనుక కింది కణానికి చెప్పవలసిన తేడా మిగలదు. వారిచ్చిన సమాధానం ఇదీ.

ఈ పత్రానికి ఈనాడు వేల సంఖ్యలో సైటేషన్లున్నాయి. ఆ శాఖలో పని చేసేవారికి అది తెలియకుండా ఉండదు. అయితే ఆ వేలన్నీ మొదట్లోనే రాలేదు. మొదటి పదేళ్ళలో వచ్చినవాటి కన్నా తరువాతి పదేళ్ళలో వచ్చినవి చాలా ఎక్కువ. లండన్‌లోని కార్ల్ ఫ్రిస్టన్ లాంటివారు అదే దారిని విస్తరించి, మెదడు అంతటికీ వర్తింపజేసిన తరువాత పాత పత్రం విలువ పెరిగింది. పనసచెట్టు నాటినవాడు మూడో ఏడు కాయ లేదని దాన్ని కొట్టేయడు కదా. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి అంకెలు చూసి ఉద్యోగం నిలబెట్టేదీ తీసేసేదీ తేల్చే పద్ధతిలో ఇలాంటి చెట్లు ఎన్ని పోయి ఉంటాయో ఆలోచించండి.

ఇక అదే రాజేశ్ రావు 2009లో సైన్స్ పత్రికలో వేసిన మరో పత్రం చూడండి. అది సింధు లిపి గురించి. ఐరావతం మహాదేవన్ గారు, ముంబయికి చెందిన మయాంక్ వాహియా, నిషా యాదవ్ తదితరులు సహరచయితలు. సింధు ముద్రల మీది గుర్తులు ఒకదాని తరువాత ఒకటి వచ్చే తీరు, మనుషుల భాషలలో అక్షరాల, పదాల వరుసకు దగ్గరగా ఉందని గణితం ద్వారా చూపించారు. అంతకు ముందు 2004లో స్టీవ్ ఫార్మర్, రిచర్డ్ స్ప్రోట్, మైకేల్ విట్జెల్ అది అసలు లిపే కాదని వాదించి ఉన్నారు. ఈ పత్రం రాగానే పెద్ద వాగ్వాదం లేచింది. ఈ గణితం అంతమాత్రాన భాష అని తేల్చదని స్ప్రోట్ విమర్శిస్తే, రాజేశ్ రావు బృందం జవాబు రాసింది. విద్వాంసులు ఇలా వాదించుకోవడం ఆరోగ్యమే. కానీ సైటేషన్ లెక్కలో ఒక విచిత్రం ఉంది. 'ఇది అద్భుతం' అని పేర్కొన్నా ఒకటే, 'ఇది తప్పు' అని పేర్కొన్నా ఒకటే. రెండూ రాజపూజ్యం ఖాతాలోనే జమ. ఈ విషయంలో మన సిద్ధాంతి గారే నయం, అవమానం అంకె విడిగా చదువుతారు!

ఇది నవ్వుకుని వదిలేసేది కాదు. మనలో చాలామందికి ఇంటి దగ్గర వయసు మళ్ళిన తల్లిదండ్రులున్నారు. కొందరికి మతిమరుపు జబ్బు మొదలైంది. ఆల్జైమర్స్ మీద మిన్నెసోటా విశ్వవిద్యాలయ బృందం 2006లో నేచర్ పత్రికలో ఒక పత్రం వేసింది. ఒక ప్రత్యేకమైన ప్రోటీన్ ముద్ద వల్లనే ఎలుకలలో జ్ఞాపకశక్తి పోతోందని అందులో చెప్పారు. రెండు వేలకు పైగా సైటేషన్లు వచ్చాయి. 2022లో సైన్స్ పత్రిక ఆ పత్రంలోని చిత్రాలను మార్చినట్టున్న ఆధారాలు బయటపెట్టింది. 2024 జూన్‌లో పత్రాన్ని ఉపసంహరించారు. మధ్యలో గడిచినవి 18 ఏళ్ళు. దాన్ని పేర్కొన్నవారందరూ మోసగాళ్ళు కారు. ఎక్కువమంది ముందువారు పేర్కొన్నారు కదా అని తామూ పేర్కొన్నారు. అంకె పెద్దదయ్యేకొద్దీ అనుమానించేవారు తగ్గుతారు. జాతరలో జనం ఎక్కువున్న దుకాణానికే మరింత జనం చేరినట్టు.

కొలతలో పడినది అంతా బంగారం కాదన్నాను. కొలతలో పడని బంగారం మాటేమిటి? దానికి మనవాళ్ళే ఇద్దరు సాక్ష్యం.

మొదటివారు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి ప్రచురించారు. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా పేర్కొన్న పత్రాలలో అదొకటి. అయితే సైటేషన్ ఇండెక్స్ మొదలయ్యే నాటికి ఆయన పోయి 16 ఏళ్ళు. బతికున్న రోజుల్లో హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళిపోయారు. ఆయన, ఫిస్కే 1927లో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏటీపీని కండరాల్లో కనుగొన్నారు. జర్మనీలో లోమాన్ కూడా అదే ఏడు ఏటీపీని విడిగా కనుగొన్నాడు. శరీరం బరువులో రెండు శాతమే ఉండి, శక్తిలో ఇరవై శాతం ఖర్చు పెట్టే మన మెదడు నడిచేది ఆ ఏటీపీ మీదనే. ఈ రోజు మెదడు శక్తి గురించి రాసే న్యూరోసైన్స్ పత్రాలలో ఎన్నింటిలో సుబ్బారావు పేరు ఉంటుంది? దాదాపు ఉండదు. నీళ్ళు తాగేటప్పుడు బావి తవ్వినవాడి పేరు ఎవరు చెప్పుకుంటారు?

ఇంకొకటి. లెడర్లీలో ఆయన బృందం తయారు చేసిన అమినోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్తక్యాన్సర్ పిల్లలకు చికిత్స చేశాడు. 1948లో వచ్చిన ఆ పత్రం క్యాన్సర్ వైద్య చరిత్రలో మైలురాయి. సైటేషన్లు ఫార్బర్ ఖాతాలో పడ్డాయి. అదే బృందం ఫైలేరియాకు హెట్రజాన్ అనే మందు తెచ్చింది. బోదకాలు నివారణకు గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర అదే. ఆ మాత్ర మింగి కాలు బాగున్న కూలీ మనిషి ఏ జర్నల్లోనూ ఎవరినీ పేర్కొనదు. ఆమె రోజూ పొలానికి నడిచి వెళ్ళడమే సైటేషన్.

రెండోవారు సి. ఆర్. రావు గారు. 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదువుకున్నారు. కలకత్తాలో పాఠం చెబుతుండగా, పెద్ద శాంపిల్‌కు వర్తించే ఈ సూత్రం చిన్న శాంపిల్‌కు వర్తించదా అని ఒక విద్యార్థి అడిగాడట. ఆ రాత్రి కూర్చుని సాధించారు. 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో అది వచ్చింది. ఉన్న సమాచారంతో ఒక విషయాన్ని ఎంత కచ్చితంగా అంచనా వేయగలమో దానికొక హద్దు ఉందని అది చెబుతుంది. అదే క్రేమర్-రావు హద్దు. ఇప్పుడు నాడీకణాల గుంపు ఒక దృశ్యాన్ని ఎంత కచ్చితంగా గుర్తించగలదో లెక్కించేవారు ఈ హద్దునే వాడతారు. చాలామంది 1945 నాటి పత్రాన్ని పేర్కొనరు, అవసరం లేదు. ఒక మనిషి పేరు సూత్రంలో కలిసిపోయాక ఇక పత్రాన్ని ఎవరు వెతుకుతారు? అంతర్జాతీయ గణాంక పురస్కారం ఆయనకు 2023లో వచ్చింది, పత్రం రాసిన 78 ఏళ్ళకు. అదే ఏడు ఆగస్టులో, 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఇంతటి వారు పుట్టిన నేల నుంచే మరో వార్త కూడా ప్రపంచానికి చేరింది. అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా దాచకూడదు. హైదరాబాదు కేంద్రంగా వందల జర్నళ్ళు నడిపిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. పత్రాలను నిపుణులు పరిశీలిస్తారని చెప్పి సరిగా పరిశీలన చేయించడం లేదనీ, ఫీజు సంగతి ముందు చెప్పడం లేదనీ, అనుమతి లేకుండా శాస్త్రవేత్తల పేర్లు సంపాదకులుగా వేసుకుంటున్నారనీ ఆరోపణలు. సంస్థ వాటిని ఖండించింది. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు కమిషన్ పక్షాన తీర్పు చెప్పి, 50.1 మిలియన్ డాలర్లు చెల్లించమంది. ఇలాంటి దుకాణాలు ప్రపంచమంతా ఉన్నాయి, ఒక్క హైదరాబాదులోనే కాదు. కానీ ఒకటి గుర్తుంచుకోవాలి. కొనేవాడు లేనిదే దుకాణం లేదు. ప్రమోషన్‌కు ఇన్ని పత్రాలు కావాలనే నిబంధన ఉన్నచోట పత్రాలు కొనుక్కునే లెక్చరర్లు తయారవుతారు. కాలేజీ సీటుకు పత్రం కావాలన్న నమ్మకం ఉన్నచోట నాలుగు వేల రియాళ్ళు తీసి ఇచ్చే తండ్రులు తయారవుతారు. ఆ తండ్రులు చెడ్డవారు కారు. పిల్లల మీద ప్రేమతో, పక్కింటివాడు ముందుకు పోతున్నాడనే భయంతో చేస్తారు.

నేను కడిగిన ముత్యాన్నని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. నా పేరు మీద మూడు పత్రాలున్నాయి. అందులో ఒకదానిలో నేను చేసిన పని పాత కేసు షీట్లు వెతికి ఇవ్వడం. రచయితల వరుసలో నా పేరు అయిదోది. ఇరవై ఏళ్ళ క్రితం అది నాకు తప్పనిపించలేదు. మా మిత్రుడు బాల్కనీలో అడిగింది కూడా అదే కదా! ఆ రోజు 'అందరూ చేస్తున్నదే, డాక్టరు గారూ' అని ఆయన అన్నప్పుడు నా దగ్గర జవాబు లేకపోవడానికి కారణం ఇదేనేమో.

'అందరూ చేస్తున్నారు' అన్న వాదాన్ని కొట్టిపారేయలేం. మనం మానేస్తే మన పిల్లలు నష్టపోరా అని అడగవచ్చు. నాకు తోచింది చెబుతాను. పదిహేడేళ్ళ పిల్లవాడు తన పేరు మీద ఉన్న పత్రంలో ఏముందో చెప్పలేని స్థితిలో ఇంటర్వ్యూకు వెళితే ఏమవుతుంది? పట్టుబడితే అవమానం. పట్టుబడకపోతే మరీ ప్రమాదం. కొనుక్కున్నది చెల్లుతుందని ఆ వయసులోనే నేర్చుకుంటాడు. రేపు వాడు డాక్టరై మందు గురించి చెప్పినా, ఇంజనీరై వంతెన లెక్క వేసినా, ఆ పాఠం వాడి వెంట ఉంటుంది. అంత మాత్రం నష్టానికి ఎంత ఫీజు కట్టాలి?

ఇంతకీ ఆ పిల్లవాడి సంగతి చెప్పలేదు. రెండు వారాల తరువాత వాడే మా ఇంటికి వచ్చాడు. న్యూరోసైన్స్ ఎందుకురా అని అడిగాను. కొంచెం సేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు. "నాయనమ్మ వీడియో కాల్‌లో నన్ను చూసి మా నాన్న అనుకుంటుంది అంకుల్. కానీ పాత పాటలు మాత్రం ఒక్క మాట పొల్లుపోకుండా పాడుతుంది. అదెలా?" చూడండి, వాడి దగ్గర అసలైన ప్రశ్న ఉంది. దానికి జవాబు వెతకడం నేర్పకుండా, మనం వాడి చేతిలో దొంగ కాగితం పెట్టబోయాం.

ఖతార్‌లో నివాస పత్రం ఉన్న ఎవరికైనా ఎడ్యుకేషన్ సిటీలోని నేషనల్ లైబ్రరీలో సభ్యత్వం ఉచితం. అక్కడి జర్నళ్ళ డేటాబేసులు ఇంట్లో కూర్చుని కూడా చదువుకోవచ్చు. మన ఊళ్ళలో మెడికల్ కాలేజీ లైబ్రరీలో జర్నల్ కోసం వారాలు ఎదురుచూసిన తరానికి ఇది ఎంత భాగ్యమో వేరే చెప్పాలా? వాడూ నేనూ కూర్చుని మొదట చదివింది ఎవరైనా ఉచితంగా చదవగల పత్రమే. రాజేశ్ రావు, ఆండ్రియా స్టోకో బృందం 2014లో ప్లాస్ వన్ పత్రికలో వేసినది. దానికి ముందు 2013 ఆగస్టు 12న రాజేశ్ రావు తన ప్రయోగశాలలో తలకు ఈఈజీ టోపీ పెట్టుకుని, వీడియో గేమ్ చూస్తూ, కుడి చేయి కదపాలని మనసులో అనుకున్నారు. క్యాంపస్‌లో మరోచోట కూర్చున్న స్టోకో తలపై ఉన్న అయస్కాంతపు చుట్టకు ఆ సంకేతం చేరి, ఆయన వేలు కీబోర్డు మీద కదిలింది. ఒక మనిషి మెదడు నుంచి మరొకరి మెదడుకు కబురు! 2014 పత్రంలో మూడు జంటలతో అదే ప్రయోగం చేశారు. కచ్చితత్వం ఒక్కో జంటకు ఒక్కోలా, 25 శాతం నుంచి 83 శాతం దాకా వచ్చింది.

వాడు ఆ చోట ఆగాడు. "మూడు జంటలేనా అంకుల్? పాతిక శాతం వచ్చినవాళ్ళ సంగతి కూడా గెలుపు అనొచ్చా? తప్పు పంపినవాడిదా, అందుకున్నవాడిదా?" అన్నాడు. ఎక్కువ తప్పులు పంపేవారి దగ్గరే జరిగాయని రచయితలు చెప్పారు. అది వాడే వెతికి పట్టుకున్నాడు. ఆ సాయంత్రం వాడి పేరు మీద ఏ పత్రమూ అచ్చు కాలేదు. కానీ నేను చూస్తుండగా ఒక పరిశోధకుడు పుట్టాడనిపించింది. పక్క గదిలో వాళ్ళ నాన్న కూడా విన్నారు.

కనుక మన కార్యవర్గానికి ఒక మనవి. ఏటా పిల్లలకు మన సంఘం ఇచ్చే ప్రతిభా పురస్కారాల దరఖాస్తులో కొన్నేళ్ళుగా 'ప్రచురించిన పరిశోధన పత్రాలు' అని ఒక గడి చేరింది. దాన్ని తీసేయండి. మనం ఆ గడి పెట్టడం వల్లే కొన్ని ఇళ్ళలో ఫీజులు కడుతున్నారని నా అనుమానం. దాని బదులు, ఈ ఏడాది తాను కొత్తగా ఏ ప్రశ్న అడిగాడో, జవాబు కోసం ఏం చేశాడో ప్రతి పిల్లా పిల్లవాడూ వేదిక మీద అయిదు నిమిషాలు, వచ్చినంత తెలుగులో చెప్పాలని పెట్టండి. జవాబు దొరక్కపోయినా ఫరవాలేదు. కొనుక్కొచ్చిన ప్రశ్నతో అయిదు నిమిషాలు నిలబడడం కష్టం. తల్లిదండ్రులకు కూడా ఒక మాట. నెలకొక్క శుక్రవారం, ఒక్క పత్రం, పిల్లలతో కలిసి చదవండి. సగం అర్థం కాకపోతే మరీ మంచిది. నాన్నకు కూడా తెలియనివి ఉంటాయని వారికి తెలుస్తుంది.

వచ్చే ఉగాదికి కూడా సిద్ధాంతి గారు అంకెలు చదువుతారు, మనం కూడా ముందుకు వంగి వింటాం. అందులో తప్పు లేదు. కానీ పంచాంగంలో రాజపూజ్యం ఆరని ఉన్నంత మాత్రాన ఎవరూ ఇంటికొచ్చి శాలువా కప్పరు, రేపు పొద్దున మళ్ళీ పనికి వెళ్ళవలసిందే అని మనకు తెలుసు. పిల్లలకు ఆ రెండో సంగతి కూడా చెబుదాం. ఇక నా హెచ్-ఇండెక్స్ ఎంతని ఎవరైనా అడిగితే, రెండు. ఆ అయిదో పేరు ఉన్న పత్రాన్ని తీసేస్తే ఒకటి. ఆ ఒకటి మాత్రం నాదే.